వర్ణసంహిత: కృష్ణారెడ్డిగారి ముద్రాచిత్రములు

మన పండితసభలలో నవీనచిత్రకళనుగూర్చి ప్రసంగము వచ్చినపుడు రెండువిధములైన మాటలు వినవచ్చుచుండును. ఆధునికచిత్రకారులకు శాస్త్రము లేదు, నియమము లేదు, తోఁచినట్లు గీచి తోఁచిన పేరు పెట్టుటయే వారి పద్ధతి యనుట యొకపక్షము. మనవాఁ డొకఁడు ప్యారిసునందును న్యూయార్కునందును పేరుగాంచెను గావున నతఁ డేమి చేసినను మనకు గర్వకారణమే యనుట రెండవపక్షము. మొదటివారు చిత్రమును జూడకయే నిందింతురు. రెండవవారు చిత్రమును జూడకయే స్తుతింతురు. ఈ రెంటియందును విమర్శ యనఁదగిన దేదియు లేదు.

చిత్తూరుసీమయందలి నందనూరున 1925లో జన్మించి 2018లో న్యూయార్కునందు దివంగతులైన కృష్ణారెడ్డిగారి ముద్రాచిత్రములు పై రెండుపక్షములను బరీక్షించుటకుఁ దగిన యుదాహరణము. వారి కృతియందు నియమము లేకపోలేదు. నియమమే రూపమును గన్నది. ఆ నియమము వైయాకరణులకుఁ బరిచితమైన ప్రక్రియను మిక్కిలి పోలియున్నది. కావున నట్టి కృతిని దూరమునుండి నిందించుటకును స్తుతించుటకును మాఱుగా మన శాస్త్రముల కొలఁతతోనే గుణదోషవిచారము చేయవచ్చును. ఈ వ్యాసమునఁ బ్రతిపాదింపఁదలఁచిన విషయ మింతియే.

వారి జీవితమును విమర్శకుఁ గావలసినంతమట్టుకే సంగ్రహించెదను. శాంతినికేతనమున నందలాల్ బోసుగారికడ శిష్యులై విద్య ముగించుకొని, మదరాసునందలి కళాక్షేత్రమునఁ గొంతకాలము చిత్రకళ బోధించిరి. పిమ్మట లండనున స్లేడు కళాశాలలోను, ప్యారిసున ఒసిప్ జాడ్కిన్ అను శిల్పికడను, ఇటలీలో మారినో మారిని యను శిల్పికడను అభ్యాసము చేసిరి. 1950 తరువాతి యేండ్లలో ప్యారిసునందలి "అతెలియే 17" అను ముద్రణశాలను జేరి, 1960 తరువాత దానికి సహనిర్వాహకులై, ఆపైని న్యూయార్కు విశ్వవిద్యాలయమున ముద్రాచిత్రశాఖను నడపిరి. 1972లో భారతప్రభుత్వము పద్మశ్రీబిరుద మొసంగెను. ఇందు విమర్శకుఁ బనికివచ్చు నంశ మొక్కటి: వీరు మొదట శిల్పవిద్య నేర్చినవారు. రేకును గాగితమువలె బల్లపరుపుగాఁ జూడక, చెక్కఁదగిన ఱాతివలెఁ జూచిరి.

ఇఁక బ్రక్రియ. లోహపురేకుపైఁ జిత్రమును జెక్కి, చెక్కినగాళ్లలో సిరా నింపి, పైభాగమును దుడిచి, తడిపిన కాగితము నుంచి ప్రెస్సున నొత్తుట యూరపుఖండమున నైదువందల యేండ్లకుఁ బైగా నున్న పద్ధతి. ఇందు సాధారణముగా నొక్కరంగే పలుకును. పలురంగులు కావలసినచో రంగున కొకరేకు చొప్పునఁ జెక్కి, ఒకే కాగితమును వరుసగా నన్నింటిపైని నొత్తవలెను. జపాను దేశపు కఱ్ఱయచ్చులందును రంగున కొకపలక చొప్పుననే యుండును. రేకులు వెండ్రుకవాసి జరిగినచో రంగులు గీఁతదాఁటి చెదరును.

అతెలియే 17లో సాధింపఁబడిన పద్ధతి యిట్టిది కాదు. రేకు ఒక్కటియే. దానిని సన్నయుళ్లతోను ఆమ్లముతోను మూఁడునాలుగు మట్టములుగాఁ జెక్కుదురు. మొదట లోఁతుగాళ్లలో నొకరంగు నింపి పైభాగము దుడుతురు. తరువాత నవిసెనూనె యధికముగాఁ గలిపిన పలుచని సిరాను గట్టిరోలరుతోఁ బూయుదురు. గట్టిరోలరు వంగదు గావున నా సిరా పైమట్టమునకు మాత్రమే యంటును. ఆపైని నూనె తక్కువగల చిక్కనిసిరాను మెత్తనిరోలరుతోఁ గొంత యొత్తిడి చేసి పూయుదురు. మెత్తనిరోలరు పైమట్టమునకును దిగువమట్టములకును గూడఁ దగులును. కాని పైమట్టమున నదివఱకే యున్న నూనెసిరా చిక్కనిసిరాను దనపై నిలువనీయదు. కావున రెండవరంగు తనకు మిగిలిన దిగువతావులందే నిలుచును. ఇన్నిరంగులును దాల్చిన యొక్కరేకు ఒక్కమాఱు ప్రెస్సునఁ బోవఁగా సర్వవర్ణములును ఏకకాలమునఁ గాగితముపైఁ బలుకును.

వ్యాకరణము చదివినవారి కిచ్చట నొకవిషయము వెంటనే స్ఫురింపవలెను. ఉత్సర్గము సామాన్యశాస్త్రము, దానికిఁ జోటు విశాలము. అపవాదము విశేషశాస్త్రము, దానికిఁ జోటు సంకుచితము. ముందుగా నపవాదము తన చోటు నాక్రమించును. పిమ్మట నుత్సర్గము మిగిలినచోట్ల నెల్లఁ బ్రవర్తించును. గట్టిరోలరు పూసిన నూనెసిరాకుఁ జోటు పైమట్టము మాత్రమే. అది ముందుగా వచ్చి కూర్చుండును. మెత్తనిరోలరు సర్వత్ర తాఁకునదియే యయ్యును, మొదటిదాని చోటు విడిచి తక్కినచోట్లనే ఫలించును. క్రమమును దాఱుమాఱు చేసి చిక్కనిసిరాను ముందు పూసినచో నూనెసిరా దానిపైకెక్కి కప్పును. ఉద్దేశించిన ఫలము చెడును. రెంటియందును నూనెపాలు సమానమైనచో నవి యొండొంటితోఁ గలసి మూఁడవరంగగును. రెండచ్చులు కలసి యొకయాదేశ మగుటయు, కొన్నిచోట్లఁ బ్రకృతిభావమునొంది వేఱువేఱుగానే నిలుచుటయు మనకుఁ గ్రొత్త కాదు. సిరాయందు నూనె యెంతయో యను దానిచేతనే యా రంగు కలియునా, తొలఁగునా యనుట నిర్ణీతమగుచున్నది.

ఈ సాదృశ్యమును బట్టి తాదాత్మ్యము చెప్పరాదు. సూత్రము శిష్టవ్యవహారమున కధీనము. సిరా పదార్థధర్మమున కధీనము. అయినను జిత్రకారుఁ డొకక్రమమును గనిపెట్టి, దానికిఁ దాను లోఁబడి, దానివలన సాధ్యమైనదానినే చెప్పుచున్నాఁడనుట యిందుచే సిద్ధించును. కృష్ణారెడ్డిగారు 1988లో నీ యేకకాలవర్ణముద్రణమునుగూర్చి యాంగ్లమున నొకగ్రంథమే ప్రకటించిరి. నియమమే లేనివాఁడు ప్రక్రియాగ్రంథము వ్రాయఁజాలఁడు.

ఇచ్చటఁ గర్తృత్వమునుగూర్చి యొకమాట. మనవారు కొందఱీ పద్ధతిని గృష్ణారెడ్డిగా రొక్కరే కనిపెట్టిరని వ్రాయుదురు. అది యుచితము గాదు. 1927లో నాశాలను స్థాపించిన స్టాన్లీ విలియం హేటర్ రసాయనశాస్త్రము చదివినవాఁడు. ఆతనియొద్ద నీ పద్ధతిని రూపొందించినవారిలో బొంబాయినుండి వచ్చిన కైకో మోతీగారును గలరు. అది పలువురు కలసి పనిచేయు శాల. సూత్రకారుఁడు, వార్తికకారుఁడు, భాష్యకారుఁడు మువ్వురును గలిసియే శాస్త్రమునకుఁ బ్రమాణమైనట్లు, ఇచ్చటఁగూడఁ బరంపరనే కర్తగాఁ జెప్పుట న్యాయము. కృష్ణారెడ్డిగారి కీర్తికి దీనివలన లోప మేమియు లేదు. ప్రక్రియను గనిపెట్టుట యొకటి. దానితో నేమి చెప్పఁబడినదనుట వేఱొకటి. విమర్శ రెండవదానికే సంబంధించినది.

పలురేకులపద్ధతికిని ఏకరేకుపద్ధతికిని గల భేదము ఫలమునందుఁ గూడఁ గలదా యని ప్రశ్న. కలదు. "రాజుయొక్క భటుఁడు" అనునపుడు రెండుపదములును వేఱువేఱుగా నుండి పరస్పరాపేక్షచే నన్వయించును. "రాజభటుఁడు" అనునపుడు పదములు తమ పార్థక్యమును విడిచి యేకార్థమగును. "గొప్పరాజుయొక్క భటుఁడు" అనవచ్చును. "గొప్ప రాజభటుఁడు" అన్నచో గొప్పతనము భటునిదే కాని రాజుది కాదు. సమాసములోని పదమును విడఁదీసి విశేషణము చేర్చుట కుదురదు. అట్లే పలురేకుల చిత్రమున నొకరంగురేకును దీసివైచి మఱియొకటి యుంచవచ్చును, తక్కినవి చెక్కుచెదరవు. ఏకరేకుచిత్రమున నొకసిరాయందలి నూనెను మార్చినచో దానిప్రక్కరంగు నిలుచుచోటును మాఱును. మొదటిది వాక్యము. రెండవది సమాసము.

వర్ణశబ్దమునకు రంగనియు నక్షరమనియు నర్థద్వయము గలదు. వర్ణముల యత్యంతసన్నికర్షమునకు శాస్త్రమున సంహిత యని పేరు. కృష్ణారెడ్డిగారి చిత్రమును దగ్గఱనుండి చూచినచో నెఱుపు, నీలము, పసుపు సన్ననిచుక్కలుగాను గీఁతలుగాను ఒకదానిప్రక్క నొకటి యొరసికొని యుండును. దూరమునుండి చూచినచో నవి కలసి, విడిగా నేరంగును గాని యొకకాంతి తోఁచును. కావుననే యీ వ్యాసమునకు వర్ణసంహిత యని పేరిడితిని.

మనసీమయందే పలువర్ణముల కళ యొకటి యుండఁగా దానితోఁ బోల్చి చూచుట యావశ్యకము. స్వర్ణముఖీతీరమున శ్రీకాళహస్తియందలి కలంకారీపనివారు బట్టను గరక్కాయరసమునందును పాలయందును నానవేసి యాఱఁబెట్టుదురు. బెల్లమును ద్రుప్పుపట్టిన యినుమును ఊరవేసిన కసిమితో గీఁతలు వ్రాయుదురు. కరక్కాయయందలి వగరును ఇనుమును గలసి నలుపు తేలును. ఎఱుపు కావలసినచోట్లఁ బటికనీరు వ్రాసి, నదిలో జాడించి, బట్ట నంతటిని వేరురంగునీటిలోఁ గాఁచుదురు. రంగునీరు బట్ట కంతటికిని దగులును. కాని పటికయున్న చోటనే యెఱుపు నిలుచును. పసుపును నీలమును ఆపైని వచ్చును. ఇదియు నియమబద్ధమే, ఇచ్చటఁ బటిక కార్యమునకు నిమిత్తము. అయితే కలంకారీలో నిమిత్తము రంగును బిలుచును. ముద్రణమున నూనె రంగును వారించును. కలంకారీలో వర్ణములు క్రమముగా దినములతరబడి వచ్చును; ముద్రణమున నేకక్షణమున వచ్చును. ఒకటి విధిప్రధానము. రెండవది నిషేధప్రధానము. 1957లోఁ బ్రభుత్వసాహాయ్యమున శ్రీకాళహస్తియందు శిక్షణకేంద్రము వెలసి యా విద్య నిలిచినది. దానిని శాస్త్రమని యెల్లరు నంగీకరింతురు. దాని కంగీకరించినవారు దీని కంగీకరింపకుండుటకు హేతువు కనఁబడదు.

ఇఁక గుణదోషవిచారము. 1963 నాఁటి "అల", "సుడిగుండము" అను రెండుచిత్రములను మొదట గ్రహింతము. సముద్రచిత్రములను జూచి యలవాటుపడినవాఁడు "అల" యందు నురుగును దీరమును వెదకును. అవి లేవు. లేచుట, వంగుట, విఱుగుట యను వ్యాపారములు మాత్రము రేఖలగుంపులై యున్నవి. నామపదమునందు సత్త్వము ప్రధానము, ఆఖ్యాతమునందు భావము ప్రధానము అని నైరుక్తుల విభాగము. మన వర్ణనాత్మకచిత్రములు తఱచుగా నామపదములు. ఇది క్రియాపదము. "అల" యని పేరున్నను జిత్రము చెప్పుచున్నది "పొంగుచున్నది" యని. పేరునకుఁ దగిన వస్తువు కనఁబడలేదని యాక్షేపించువా రీ భేదమును గుర్తింపవలెను.

ఈ చిత్రములందుఁ బ్రక్రియయు విషయమును ఎట్లు కలసినవో చూపుటకు శ్రీహరికోట తీరమే చాలును. ఈ దీవికిఁ దూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటుసరస్సు. ఒకే యెండలో రెండునీళ్లకును రంగు వేఱు. సరస్సు లోఁతు తక్కువ గావున నడుగునందలి బురదయు నాఁచును బైకి గోధుమరంగై తోఁచును. కడలియం దలమీఁదిభాగమున వెలుఁగు చొచ్చి పచ్చనగును, దిగువభాగము నల్లనీలము, ఒడ్డుచేరువ నిసుక కలసి మన్నువన్నె యగును. జాలరులు నీటిరంగును బట్టి లోఁతు నెఱుఁగుట యీ తీరమున నిత్యానుభవము. నీటికి రంగు పైపూఁత గాదు, లోఁతే రంగు. కృష్ణారెడ్డిగారి రేకుమీఁదను నట్లే. ఏమట్టము ఎంతలోఁతున నున్నదో దానినిబట్టియే యచ్చట నేరంగు నిలుచునో నిర్ణీతము. కావున "అల" యందు రేకుయొక్క గట్టులు నీటిగట్టులు. రేకుయొక్క పల్లములు నీటిపల్లములు. సుడిగుండమున నలువైపులనుండి నడిమికిఁ బాఱు రేఖలు లోఁతునకు దిగుకొలఁది రంగును మార్చుచుఁ బోవును. ఇచ్చటఁ బ్రక్రియ యర్థమునకు వాహనమై మాత్రమే యుండలేదు, అర్థముతోడనే పుట్టినది. ఔచిత్యమున కింతకంటె మంచి యుదాహరణము నవీనకళలో నరుదు.

1980 ప్రాంతపు విదూషకచిత్రములు, ముఖ్యముగా "మహావిదూషకుఁడు", వేఱుజాతివి. చేతులు చాఁచి నడుమ నిలిచిన సర్కసు విదూషకుఁడు, వానిచుట్టును వలయములును కిరణములవంటి గీఁతలును. ఈ చిత్రమును గర్త పలువర్ణభేదములతో నచ్చొత్తించెను. రేకొక్కటియే, రంగులు వేఱు. ఇందుఁ బూర్వచిత్రములకుఁ గల దార్ఢ్యము లేదని నా నిర్ణయము. వలయమునకు లోఁతు లేదు; కిరణమునకు లోఁతు లేదు. రేకుమట్టమునకును జెప్పఁబడిన విషయమునకును సంబంధము నియతము గాదు. కావుననే రంగును మార్చినను జిత్రము నిలుచుచున్నది. పర్యాయపదము వేసినను నిలుచు నలంకారమును బరివృత్తిసహమని యాలంకారికు లందురు. అది దోషము గాదు. కాని "అల" యందు వర్ణము శబ్దమువలె నర్థముతో నవినాభావమై యుండఁగా, ఇచ్చట సన్నివేశమే ప్రధానమై వర్ణము వేషమాత్ర మైనది.

దీనికి సమాధానముగా నిట్లనవచ్చును: విదూషకుఁడు వేషము మార్చువాఁడు గదా, వర్ణములు మాఱుటయే యా చిత్రమున కర్థము. మంచి సమాధానమే. కాని యది ప్రతుల నన్నింటిని గూర్చి యొక్కటిగాఁ జూచువానికే వర్తించును. ఒక్కప్రతిని ముందుంచుకొని చూచు సహృదయునకు వేషములు మాఱవు, ఒక్కవేషమే కనఁబడును. ఆ యొక్కప్రతి తనంతఁ దాను నిలువవలెను. వర్ణము లుగ్రములైన ప్రతులలో నడిమి మనుష్యరూపము గీఁతలలోఁ గరఁగిపోయి, దుఃఖమును నవ్వును గలసిన వాని ముఖము కంటఁబడదు. వర్ణములు మితముగా నున్న ప్రతులలో నా రూపము నిలుచును. ఒకేరేకునకుఁ బుట్టిన ప్రతులలో నిట్టి తారతమ్యము చెప్పవలసి వచ్చుటయే ప్రక్రియ యిచ్చట విషయమును గట్టుగా బంధింపలేదనుటకు సాక్ష్యము.

ఇఁక మిగిలినది "అచ్చొత్తినది కళ యెట్లగును, ప్రతులు పెక్కు గదా" యను నాక్షేపము. ఇది పండితులే చేయుచుండుట చిత్రము. ఒకేశబ్దమును నూఱుగు రుచ్చరింపఁగా ధ్వనులు నూఱు, శబ్ద మొక్కటి. ధ్వనిభేదముచే శబ్దభేదము లేదని మనమే పాఠము చెప్పుదుము. ఇచ్చట రేకు మూలము, ప్రతులు వ్యంజకములు. పైగా నీ పద్ధతిలోఁ బ్రతిముద్రకును సిరాలు మరలఁ గలిపి, రోలరులు మరలఁ బూసి, చేతితో నొత్తవలెను. కర్త ప్రతిసంఖ్య వేసి చేవ్రాలు చేయును. ఇది వార్తాపత్రికయం దచ్చయిన బొమ్మవంటిది గాదు. ఆ బొమ్మయందు రేకుగట్టులు కాగితముమీఁద నొత్తిన యుబ్బును గనఁబడదు. ఏటవాలుగాఁ బడిన వెలుఁగున మూలప్రతిని జూచిననే యా యుబ్బు తెలియును. పుస్తకములందలి ప్రతికృతులను మాత్రమే చూచి తీర్పు చెప్పువా రందు సగము చిత్రమే యున్నదని తలంపవలెను.

కడపట, పాఠశాలాపండితులకుఁ బనికివచ్చు పరిభాషావిషయము. ఈ పద్ధతికిఁ దెలుఁగున "స్నిగ్ధతాముద్రణము" అను పేరు సులభముగాఁ దోఁచును. భౌతికశాస్త్రవాచకములందు ద్రవముయొక్క చిక్కఁదనమునకు స్నిగ్ధత యను మాట వాడుకలో నున్నది. కాని స్నిగ్ధశబ్దమునకు లోకమున నూనెగలదని యర్థము. ఈ ముద్రణమున నూనె హెచ్చినకొలఁది సిరా పలుచనగును, అనఁగా శాస్త్రీయమైన స్నిగ్ధత తగ్గును. నూనెగలది స్నిగ్ధము గాక, నూనె లేనిది స్నిగ్ధమగును! విద్యార్థి యీ పేరును బట్టి ప్రక్రియను దలక్రిందుగా గ్రహించును. తార్కికులు ద్రవత్వమును స్నేహమును వేఱువేఱు గుణములుగా గణించిరి. ప్రవహించుటకు హేతువు ద్రవత్వము. ఇచ్చటఁ బని చేయునది యా ద్రవత్వమునందలి భేదమే. కావున "ద్రవత్వభేదముద్రణము" అనుట నిర్దుష్టము. తేలికమాట కావలసినచో "నూనెపాళ్ల యచ్చు" అనిన నష్టము లేదు.

1971 అక్టోబరు 9న శ్రీహరికోటనుండి మొదటి రోహిణీరాకెట్టు ఎగసినది మొదలు, నిప్పునకుఁ గొలఁత కలదని యీ ప్రాంతపు పిల్లలకు వేఱుగాఁ జెప్పఁ బనిలేకపోయినది. రంగునకును గొలఁత కలదని మాత్రము చెప్పవలసియున్నది. సూళ్లూరుపేట మొదలగు తావులందు సమాసమును, సంధిని బోధించు పండితులు చక్కని ప్రతికృతి నొకదానిని తరగతికిఁ గొనిపోయి, ఈ రంగు లిట్లు నిలుచుటకు హేతువేమని యడుగుదురుగాక. ఉత్సర్గాపవాదములు తెలిసిన విద్యార్థి యుత్తరము చెప్పఁగలఁడు. అట్లు చెప్పిన పిమ్మట వాఁడా చిత్రము బాగున్నదన్నను బాగులేదన్నను వానిమాట విమర్శయగును.